ఎడం వేరు, దూరం వేరు



చాలా కాలానికి మళ్ళీ ఒక టపా రాద్దామని కూర్చున్నాను. నన్ను కూర్చోబెట్టినవి రెండు. మొదటిది, ఏటా డిసెంబరు నెల రాగానే నా ఫోనులోకి వచ్చిపడే ఒక సందేశం. “2020 నాటి క్రిస్మసే అసలైన క్రిస్మసు. మైకుల హోరు లేదు, ఊరేగింపు లేదు, ఆర్భాటం లేదు. ఇంటిల్లిపాదీ ఇంట్లో కూర్చుని చేసుకున్న పండుగ అదొక్కటే” అని దాని సారాంశం. రాసినవారెవరో తెలియదు. పంపేవారు మాత్రం నాకు బాగా తెలిసినవారే. రెండవది, మా వీధి చివరి గోడ మీద వెలిసిపోయిన పసుపుపచ్చ అక్షరాలు. “సామాజిక దూరం పాటించండి” అని అప్పట్లో రాయించారు. ఐదేళ్ళ వానలకు ‘పాటించండి’ చెరిగిపోయింది. ‘సామాజిక దూరం’ మాత్రం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది.

ముప్పై రెండేళ్ళు పిల్లల నోటుపుస్తకాలలో ఎర్రసిరాతో తప్పులు దిద్దిన చేయి నాది. పదవీ విరమణ చేసినా ఆ చేతి దురద తగ్గలేదు. ఆ గోడ పక్కగా నడిచినప్పుడల్లా ఒక్కటే అనిపిస్తుంది. ఈ దేశంలో, ఈ భాషలో, ఆ రెండు పదాలనూ పక్కపక్కన రాసినవాడు తాను ఏమి రాస్తున్నాడో ఆలోచించలేదు. చదివినవారు మాత్రం తమకు కావలసిన అర్థాన్ని వెంటనే తీసుకున్నారు. ఈ టపా ఆ మాట మీద నా అభియోగపత్రం. ఆ ఏటి క్రిస్మసు మా ఇంట్లో ఎలా జరిగిందో చెబితేగాని ఈ అభియోగం బోధపడదు కనుక ముందు ఆ కథ.

మేము మూడు తరాలుగా లూథరన్ క్రైస్తవులం. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు 1860 దశకంలో సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతాలలో పని మొదలుపెట్టారు. తరువాత ఆ పని అమెరికాలోని ఒహాయో లూథరన్ల చేతికి వచ్చింది. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ చెట్టు కొమ్మే. మా తాత చింతచెట్టు కింద ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దాడు. ఊరిలోని బడి అరుగు ఆయనకు అందనిది. ఆయన మనుమడు తిరుపతిలో ప్రాచ్యవిద్య చదివి, పండిత శిక్షణ పొంది, వసుచరిత్రలోని శ్లేషలు పాఠం చెప్పే అయివారయ్యాడు. “మీరు క్రైస్తవులు కదా, తెలుగు పండితులెట్లా అయినారు?” అన్న ప్రశ్నను నేను ఉద్యోగంలో చేరిన రోజున విన్నాను, పదవీ విరమణ సన్మానం రోజునా విన్నాను. అడిగినవారు మంచివారే. గుఱ్ఱం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని ప్రతిసారీ గుర్తుచేసి నవ్వి ఊరుకునేవాణ్ణి.

ఇక 2020. మార్చి 25న దేశమంతటా తలుపులు మూసుకున్నాయి. ఏప్రిల్ నాటికి అప్పటి చిత్తూరు జిల్లాలో కేసులు ఎక్కువగా బయటపడిన ఊళ్ళలో మా శ్రీకాళహస్తి ఒకటయింది. వీధులకు అడ్డంగా సర్వీకర్రలు కట్టారు. స్వర్ణముఖి ఒడ్డున, నాలుగు మాడవీధులలో మనిషి అలికిడి లేదు. గ్రహణం నాడు కూడా తలుపు వేయని గుడి మాది. అటువంటి గుడి ముందు భక్తుడు లేని రోజులు చూశాము. మా ఆరాధన మందిరానికీ తాళం పడింది. జూన్‌లో ప్రార్థనా స్థలాలకు అనుమతి వచ్చినా, అరవై ఐదు దాటినవారు ఇల్లు కదలవద్దన్నారు. నాకు అప్పటికి అరవై రెండు. అయినా నేను కదలలేదు.

ఈ విషయంలో ఎవరికీ సందేహం ఉండకూడదు కనుక స్పష్టంగా చెబుతున్నాను. అది గాలి ద్వారా, తుంపరల ద్వారా వ్యాపించే జబ్బు. మనుషులు ఎడంగా మసలుకోవాలన్నది సరైన మాట. మూతికి గుడ్డ కట్టుకోవాలన్నది సరైన మాట. గుంపులు కూడవద్దన్నది సరైన మాట. వాటిని నేను తుచ తప్పకుండా పాటించాను, నా ఇంట్లోవారి చేత పాటింపజేశాను. నాతో కలిసి పనిచేసిన లెక్కల అయివారు ఆ ఆగస్టులో పోయారు. నలుగురు మోయవలసిన మనిషిని ముఖం కూడా కనబడకుండా చుట్టి తీసుకుపోయారు. జాగ్రత్తను ఎగతాళి చేసేవారితో నాకు పొత్తు లేదు. నా తగవు జాగ్రత్తతో కాదు, దానికి పెట్టిన పేరుతో.

ఆ డిసెంబరు ఎలా గడిచిందంటారా? మా పెద్దవాడు లండనులో ఉంటాడు. 23వ తేదీకి టిక్కెట్టు తీసుకున్నాడు. 19న బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ లండనులోనూ ఆగ్నేయ ఇంగ్లండులోనూ నాలుగవ అంచె ఆంక్షలు ప్రకటించి, క్రిస్మసు నాడు కూడా ఒక ఇంటివారు మరొక ఇంటివారితో కూడరాదన్నాడు. కొత్తరకం వైరస్ భయంతో 22 అర్ధరాత్రి నుంచి మన ప్రభుత్వం బ్రిటన్ విమానాలను నిలిపివేసింది. కొడుకు ముఖం ఫోనులో చూసి వాళ్ళమ్మ నవ్వుతూ మాట్లాడింది. ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

మిగిలినవాళ్ళం ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళం, ఏడేళ్ళ మనుమడు ఒకడు. మిద్దె మీద కాగితపు నక్షత్రం కట్టాము. 24వ తేదీ రాత్రి ఏటా మా ఇంటి ముందు పాటల బృందం ఆగుతుంది. డప్పు, కంజీర, గొంతు బొంగురుపోయిన పదిమంది కుర్రవాళ్ళు, వారి వెనుక నిద్రకళ్ళతో పిల్లలు. నా భార్య పెద్ద గిన్నెలో కాఫీ కాచి సిద్ధంగా ఉంచుతుంది. ఆ రాత్రి ఎవరూ రాలేదు. మనుమడు పన్నెండు గంటల వరకు కిటికీ దగ్గర కూర్చుని, “తాతా, వాళ్ళకు మన ఇల్లు మరిచిపోయిందా?” అని అడిగాడు. మరునాడు ఉదయం బోధకుడు ఫోను తెరలోంచి వాక్యం చెప్పాడు. మధ్యలో రెండుసార్లు బొమ్మ నిలిచిపోయింది. కీర్తన మేమే పాడుకున్నాము. ఐదు గొంతులు చాలవని ఆ రోజు తెలిసింది.

ఆ సందేశం రాసిన మహానుభావుడు దీనిని అసలైన క్రిస్మసు అంటున్నాడు. కాదు బాబూ. అది చేయక తప్పని క్రిస్మసు. తప్పనిదాన్ని ఓర్చుకోవడం వేరు, దాన్ని ఆదర్శంగా ఊరేగించడం వేరు. ఉపవాసం ఉన్నవాడిని మెచ్చుకుందాం, అన్నం దొరకనివాడికి ఉపవాస మహిమ బోధించవద్దు.

అసలు బేత్లెహేము కథలో ఇల్లు ఎక్కడ ఉంది? సత్రంలో చోటు దొరకలేదు. పశువులశాలలో ప్రసవం. తొట్టిలో పసికందు. మొదట చూడవచ్చినవారు చుట్టాలు కారు, రాత్రిపూట పొలాలలో మందలు కాచుకునే గొర్రెల కాపరులు. తరువాత వచ్చినవారు తూర్పుదేశం నుంచి నక్షత్రాన్ని చూసుకుంటూ నడిచివచ్చిన పరాయివారు. ఆ కథలో తలుపు వేసుకుని లోపల పండుగ చేసుకున్నవారు ఒక్కరే ఉన్నారు, సత్రంలో చోటు దక్కించుకున్నవారు. కథ వాళ్ళది కాదు. ఏసుక్రీస్తు పుట్టుకను నమ్మినా, కేవలం కథగా విన్నా, దాని సారం వచ్చిపోయేవారికి చోటు పెట్టడమే గాని తలుపు బిగించుకోవడం కాదు.

పైగా ‘ఇంట్లో’ అన్న మాట అందరికీ ఒకటి కాదు. నాకు మూడు గదులు, మిద్దె, వెనుక బాదంచెట్టు ఉన్నాయి. మా పేటలో ఒకే గదిలో ఆరుగురు ఉంటారు. ఒకరు దగ్గితే మిగిలినవారు ఎక్కడికి ఎడం జరగాలి? వారికి క్రిస్మసు నెల అంటే ఇల్లు దాటే నెల. ఏడాది పొడుగునా ఇతరుల ఇళ్ళకు పనికోసమే వెళ్ళేవారు, ఆ నాలుగు రాత్రులు పాటతో వెళతారు. ఏడాది పొడుగునా వెనుక వాకిట్లో నిలబడేవారు, ఆ నాలుగు రాత్రులు వీధి వాకిట్లో నిలబడతారు. ఊరేగింపు మీకు ఆర్భాటం కావచ్చు, వారికి అది ఊరిలో నడిచే హక్కు. అది ఒక ఏడు ఆగింది. ఆగడం న్యాయమే. ఆగిపోవడం మంచిదయిందని మాత్రం అనవద్దు.

ఇప్పుడు పళ్ళెం సంగతికి వస్తాను.

మా ఎదురింటి ఆయనతో ముప్పై ఏళ్ళ పొరుగు. ఆయన పిల్లలిద్దరికీ నేనే ఛందస్సు చెప్పాను. ఏటా క్రిస్మసు నాడు మా ఇంటి నుంచి కజ్జికాయలు, మురుకులు, ఒక కేకు ముక్క పళ్ళెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి పంపుతాము. ఆయన గేటు దగ్గరే పుచ్చుకునేవాడు. కాసేపటికి పళ్ళెం రెండు అరటిపళ్ళతోనో, గుప్పెడు చక్కెరతోనో తిరిగి వచ్చేది. ఇచ్చినవారి గిన్నెను ఖాళీగా పంపకూడదన్నది మన ఊళ్ళ ధర్మం. మేమిచ్చిన కజ్జికాయలు ఆ ఇంట్లో ఎవరూ తినరని, పనిమనిషి కొంగులోకి పోతాయని నాకు తెలుసు. నాకు తెలుసునని ఆయనకూ తెలుసు. అయినా ముప్పై ఏళ్ళు ఆయన పుచ్చుకున్నాడు, నేను పంపాను. ఆ పుచ్చుకోవడంలో ఒక మర్యాద ఉంది. అంతకన్నా ముఖ్యంగా ఒక సంకోచం ఉంది. ‘తినను’ అని ముఖం మీద చెప్పడానికి సిగ్గుపడే సంకోచం. ఆ సంకోచం చిన్నదేమీ కాదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి, 1955లో దానికి చట్టం వచ్చి, ఇన్నేళ్ళు గడిచాక మా వీధి సంపాదించుకున్నది అదే.

2020 క్రిస్మసు నాడు నా భార్య మూతికి గుడ్డ కట్టుకుని, చేతులు కడుక్కుని, పళ్ళెం తీసుకుని మనుమడితో గేటు దగ్గరకు వెళ్ళింది. పళ్ళేన్ని గేటు దిమ్మె మీద పెట్టి ఆరడుగులు వెనక్కు జరిగింది కూడా. ఆయన బయటకు వచ్చి చూశాడు.

“ఏమనుకోబాకమ్మా. సామాజిక దూరం పాటించమంటా ఉండారు గదా. వద్దులే, తీసుకోనిపో” అన్నాడు.

నిండు పళ్ళెం నిండుగానే తిరిగి వచ్చింది. మనుమడు, “అవ్వా, ఆ తాతకు కజ్జికాయలంటే ఇష్టం లేదా?” అన్నాడు. “ఒంట్లో బాగాలేదంట నాయనా” అంది ఆమె. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నోట నేను విన్న అబద్ధాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో అదొకటి.

జబ్బుకు భయపడి ఉంటాడంటారా? నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కాని అంతకు నలభై రోజుల ముందు, నవంబరు 14 దీపావళికి, అదే గేటులోంచి మిఠాయి డబ్బాలు వీధిలో నాలుగు ఇళ్ళకు వెళ్ళాయి, నాలుగు ఇళ్ళ నుంచి వచ్చాయి. జనవరిలో సంక్రాంతికి చక్కెరపొంగలి గిన్నెలు తిరిగాయి. వైరస్ దీపావళికీ సంక్రాంతికీ సెలవు తీసుకుని క్రిస్మసుకు మాత్రమే పనిలోకి రాలేదు కదా! ఆయన పాటించినది ఏ దూరమో ఆయనే సరైన పేరుతో చెప్పాడు. సామాజిక దూరమే. ఆ రోజు ఆ మాటను మన ఊరిలో అందరికన్నా వ్యాకరణశుద్ధంగా ప్రయోగించినవాడు ఆయనే.

అందుకే నా కోపం ఆయన మీద కన్నా ఆ మాట మీద ఎక్కువ. ఆ మాట లేకపోతే ఆయన వేరొక సాకు వెతుక్కోవలసి వచ్చేది. వెతుక్కోవడంలో కొంత తడబాటు ఉండేది. తడబాటులో కొంత సిగ్గు ఉండేది. ప్రభుత్వ ముద్రతో, గోడ మీది పసుపు అక్షరాలతో వచ్చిన మాట ఆ సిగ్గును తీసివేసింది. సాకు కాస్తా పౌరధర్మమయింది.

ఇప్పుడు పండితుడిగా నాలుగు ముక్కలు. ‘సమాజము’ అంటే కూడిక, కలిసి ఒకచోటికి చేరడం. అమరకోశం పశువుల గుంపును ‘సమజం’ అనీ, తదితరుల కూటమిని ‘సమాజం’ అనీ వేరుచేసి చెప్పింది. ఒక్క దీర్ఘం మనిషినీ మందనూ విడదీస్తోంది. అటువంటి కూడికకు ‘దూరం’ తగిలిస్తే అర్థమేమిటి? కూడిక లేని కూడిక. నిప్పుకు చల్లదనం అన్నట్టు.

మరి ఈ మాట ఎక్కడిది? ఆంగ్లం నుంచి మక్కికి మక్కి దింపుకున్నది. ఆంగ్లంలో కూడా దీని జాతకం మంచిది కాదు. సమాజశాస్త్రంలో దీని అర్థం వేరు. ఎమరీ బొగార్డస్ అనే అమెరికన్ సమాజశాస్త్రజ్ఞుడు 1925లో ఈ దూరాన్ని కొలిచే ఒక కొలబద్దను ప్రకటించాడు. ఫలానా జాతివాడితో పెళ్ళి ద్వారా చుట్టరికానికి ఒప్పుకుంటావా? స్నేహితుడిగా ఒప్పుకుంటావా? నీ వీధిలో పొరుగువాడిగా? నీ పనిలో తోటివాడిగా? నీ దేశపు పౌరుడిగా? వచ్చిపోయే అతిథిగా మాత్రమేనా? అసలు దేశంలోకే రానీయవా? ఈ ఏడు మెట్లలో ఏ మెట్టు దగ్గర ఆగిపోతావో అదే నీకూ వాడికీ మధ్య ఉన్న సామాజిక దూరం. అంటే ఆ మాట ఆ శాస్త్రంలో పక్షపాతానికి పెట్టిన పేరు. కొలిచి తగ్గించుకోవలసిన దానిని మనం గోడల మీద రాసి పాటించమన్నాము! ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020 మార్చిలోనే, మనుషుల మధ్య ఉండవలసినది భౌతికమైన ఎడమే గాని సామాజికమైనది కాదని చెప్పి మాట మార్చుకున్నారు. మన పత్రికలలో కొన్ని ‘భౌతిక దూరం’ అన్నాయి. కాని గోడలూ, మైకులూ, నోళ్ళూ మొదటి మాటనే పట్టుకున్నాయి. ఎందుకంటే ఆ మాట మనకు కొత్తది కాదు. దాని అర్థం మనకు వేల ఏళ్ళుగా తెలుసు.

మన భాష ఈ విషయంలో ఎంత జాగ్రత్త అడుగుతుందో చూడండి. ‘అంటు’ అన్న ఒక్క ధాతువు తీసుకోండి. అంటుకుంటే వచ్చేది అంటువ్యాధి. అంటుకోనివ్వని మనిషి అంటరానివాడు. తిన్న తరువాత కడగవలసినవి అంట్లు. అన్నీ ఒక తల్లి బిడ్డలే. వ్యాధిని గురించి మాట్లాడుతున్నామో, మనిషిని గురించి మాట్లాడుతున్నామో ఒక్క ప్రత్యయంలో తారుమారయ్యే భాష ఇది. కాని అదే ధాతువుకు మరో బిడ్డ ఉంది. మా జిల్లా రైతుకు దాని సంగతి తెలుసు. నాటు మొక్క మీద మేలుజాతి కొమ్మను కట్టి ఒకటి చేస్తే అది అంటు. అంటు కడితేనే తోతాపురి తోట. ఒకదానినొకటి అంటనివ్వకపోతే కాయ లేదు.

“పదం ఏదైతేనేమి మాస్టారూ, భావం అందింది కదా” అన్నారు ఒక మిత్రులు. భావం అందిందనే నా ఫిర్యాదు. అందకూడని భావం కూడా దానితో అందింది. “మీరు క్రైస్తవులు, మీకు కులంతో పనేమిటి?” అన్నారు మరొకరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కూడా ఇదే అన్నది. మతం మారిన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, క్రైస్తవులకు తెరవలేదు. కాగితంలో కులం పోయింది. మా ఎదురింటి గేటు దగ్గర పోలేదు.

న్యాయం రెండు వైపులా చెప్పాలి. మా ఇల్లు కూడా అద్దాల మేడ కాదు. మాల, మాదిగ అన్న గీత మా సంఘాలలో చాలాచోట్ల చెరగలేదు. బొగార్డసుగారి మొదటి ప్రశ్న, అదే పెళ్ళి ప్రశ్న, మా పెద్దల ముందు పెడితే ఎందరు ఆ మెట్టు ఎక్కగలరో నాకు అనుమానం. నా పాటల బృందమే ప్రతి ఏడూ ఏ వీధులకు వెళుతుందో, ఏ వీధి మలుపులో వెనుదిరుగుతుందో నేను ఎరుగుదును. ఎరిగి ముప్పై ఏళ్ళు నోరు మెదపలేదు. కజ్జికాయలు తిరిగి వచ్చిన రోజున గాని నాకు నొప్పి తెలియలేదన్నది నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

ఇతరులకు కూడా ఆ ఏడు ఇదే జరిగింది. 2020 మార్చి‌లో ఢిల్లీలో జరిగిన ఒక మత సమావేశం పేరు చెప్పి వ్యాధికే ఒక మతం అంటగట్టారు. కూరగాయలు అమ్ముకునేవాడిని పేరడిగి కొన్నారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం, ఆ సమావేశానికి వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని చెప్పి కేసులు కొట్టివేసింది. తీర్పు వచ్చేనాటికి జరగవలసినది జరిగిపోయింది. జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో అంటరానివాడు తన మొరను కాశీ విశ్వనాథుడికి వినిపించమని గబ్బిలాన్ని పంపుతాడు. తనకు ప్రవేశం లేని గుడిలోకి దానికి ప్రవేశముంది కనుక. 2020లో ఆ గబ్బిలం కూడా లోకానికి దోషి అయింది. మొర మోసే దూత కూడా మిగలలేదు.

మా ఊరి పేరులోనే దీనికి పాఠముంది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి ఏనుగు. పాము శివలింగానికి మణులు పెట్టేది. ఏనుగు వచ్చి వాటిని మలినమనుకుని తోసివేసి, నీళ్ళతో కడిగి, బిల్వదళాలు పెట్టేది. పాము వచ్చి ఆ ఆకులను చెత్త అనుకునేది. ఒకరి పూజ మరొకరికి మైల. చివరకు పాము ఏనుగు తొండంలో దూరి రెండూ చచ్చాయి. శివుడు మాత్రం ఇద్దరి పూజా పుచ్చుకున్నాడు. ధూర్జటి మాహాత్మ్యంలో ఈ కథ పక్కనే తిన్నడి కథ ఉంది. పుక్కిట పట్టి తెచ్చిన నీళ్ళతో అభిషేకం చేసిన బోయవాడు. నేటి వైద్యుడు చూస్తే కేకలు వేస్తాడు, నిజమే. కాని ఆనాడు కేకలు వేసిన పూజారి భయం జబ్బు గురించి కాదు. ఆ కొండ మీద కన్నప్పకు గుడి ఉంది, కేకలు వేసినవారికి లేదు. పంచభూత లింగాలలో మాది వాయులింగం. గాలికి కులం లేదని ఈ ఊరివారికి మరొకరు చెప్పవలసిన పనిలేదు. 2020లో గాలే వచ్చి స్వయంగా చెప్పింది. మనం వినలేదు.

మరి ఏమనాలి అంటారా? పండితుడు తప్పు పట్టి ఊరుకోరాదు, దిద్ది చూపాలి. మనకు చక్కటి తెలుగు మాట ఉంది: ‘ఎడం’. వేరుశనగ విత్తేటప్పుడు సాలుకూ సాలుకూ మధ్య ఎడం విడుస్తారు. వరి నాటేటప్పుడు కుదురుకూ కుదురుకూ మధ్య ఎడం చూస్తారు. పక్కమొక్క కూడా బతకాలని విడిచేది ఎడం. పక్కవాడు అక్కరలేదని పెట్టేది దూరం. “ఆరడుగుల ఎడం పాటించండి” అంటే చాలు. విశేషణం అక్కరలేదు, సంస్కృతం అక్కరలేదు, ఆంగ్లం అక్కరలేదు. పళ్ళెం వెనక్కు పంపడానికి ఆ మాట ఎవరికీ పనికిరాదు.

కథ ముగింపు కూడా చెప్పి సెలవు తీసుకుంటాను. 2021 మే నెలలో, రెండవ ఉద్ధృతిలో, ఎదురింటిలో అందరూ పడకేశారు. వాళ్ళ వాళ్ళెవరూ రాలేకపోయారు. వారిని నేను తప్పుపట్టను, అవి అటువంటి రోజులు. నా భార్య పదకొండు రోజులు అన్నం, మిరియాల చారు క్యారియరులో పెట్టి, ఆ గేటు దిమ్మె మీదే ఉంచి, ఆరడుగులు వెనక్కు జరిగి పిలిచేది. ఆయన వచ్చి తీసుకునేవాడు. ఆ అన్నం పనిమనిషి కొంగులోకి పోలేదని నాకు తెలుసు. పనిమనిషి ఆ నెలలో రాలేదు.

ఇది చెప్పడం మా మంచితనం చాటుకోవడానికి కాదు. ఆ పదకొండు రోజులూ ఎడం ఉంది, దూరం లేదు. రెండూ వేరువేరని రుజువు చేయడానికి నాకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకలేదు. తరువాత ఆయనా మేమూ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఆ ఏటి క్రిస్మసుకు పళ్ళెం పంపాలా వద్దా అని నా భార్య గుమ్మంలో కాసేపు తటపటాయించి, చివరకు పంపింది. పుచ్చుకున్నాడు. సాయంత్రం పళ్ళెం నాలుగు జామకాయలతో తిరిగి వచ్చింది. తిన్నారా లేదా అని నేను అడగలేదు. అడగను కూడా. పళ్ళెం నడుస్తోంది, అది చాలు.

గోడ మీది అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. సున్నం కొట్టించమని వీధిలో పెద్దలను అడిగాను. “ఇప్పుడా జబ్బు లేదు గదా, దాన్నెవరు చదువుతారు?” అన్నారు. జబ్బు లేదు కనుకనే అడుగుతున్నాను. మరొక మహమ్మారి వచ్చేనాటికి మన నోటికి మొదట అందే మాట ఏదో ఇప్పుడే తేల్చుకోవాలి. బడిలో పాఠం చెప్పేవారు, పత్రికలకు రాసేవారు, ఆంగ్లం నుంచి ప్రకటనలు దింపుకునేవారు మీలో చాలామంది ఉన్నారు. రేపు మీ కలం కింద ఆ మాట వస్తే ఒక్క క్షణం ఆగండి. కొట్టివేసి ‘ఎడం’ అని రాయండి.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్య రాయండి. జవాబు ఆలస్యమైతే మన్నించండి. కజ్జికాయల పిండి కలిపే రోజులివి, ఇంట్లో నాకూ పని ఉంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు, శ్రీకాళహస్తి